అలిగిందనుకున్నానండి

అమలాపురంలో మా ఇంటి ముందుగది ఒకప్పుడు నాన్న ట్యూషన్లు చెప్పిన గది. ఆయన పోయిన తరవాత నల్లబల్ల తీయించి, ఒక టేబులు, పేము కుర్చీలు వేసి దాన్ని నా పనికి వాడుకోవడం మొదలుపెట్టాను. బయట బోర్డు మీద సైకాలజిస్ట్ అని మాత్రమే రాయించాను. నిజానికి నేను ప్రత్యేకంగా చదువుకున్నది నేరాలు చేసినవాళ్ళ మనసుల గురించి. మనిషి ఆ పని ఎందుకు చేశాడు, చేసేటప్పుడు అతని తలలో ఏం నడిచింది, మళ్ళీ చేసే ప్రమాదం ఉందా, ఉంటే దాన్ని తగ్గించేదేమిటి అన్నవి మాట్లాడి తెలుసుకుని కోర్టుకి రాసివ్వడం నా చదువు. ఆ ముక్క కూడా బోర్డు మీద పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు.

"చర్చిలో అందరికీ పిల్లల చదువులు చూస్తావని చెప్పేను. కత్తులు పట్టుకున్నవాళ్ళు మనింటికొస్తారని చెప్పమంటావా?" అంది.

చాలాకాలం నిజంగానే పిల్లల్నే చూశాను. పరీక్షంటే వాంతులు చేసుకునే ఇంటర్ పిల్లలు, వాళ్ళకంటే ఎక్కువ కంగారుపడే తల్లులు. అలా ఉండగా ఒకరోజు, డబ్బు ఇచ్చుకోలేనివాళ్ళ కేసులు ప్రభుత్వం తరఫున చూసే ఒక లాయరమ్మ ఫోన్ చేసింది.

"అప్పనపల్లి దారిలో కొబ్బరిబొండాలు అమ్ముకునే మొగుడూ పెళ్ళాలండి. ఇద్దరికీ అరవై దాటేయి. ఆవిడ బొండాలు కొట్టే కత్తితో ఆయన చెయ్యి నరికేసింది. కోత లోతుగా పడింది గానీ ఎముకకి తగల్లేదు. హత్యాయత్నం కేసు పెట్టేరు. ఎందుకు చేసేవమ్మా అంటే నోరు విప్పదు. ఒకసారి మీరు చూసి రిపోర్టిస్తారా? కోర్టు కూడా అడుగుతోంది" అంది. తరవాత కొంచెం నవ్వి, "బెయిలిప్పించమని నా చుట్టూ తిరుగుతున్నది ఎవరనుకున్నారు? ఆ మొగుడే" అంది.

బెయిలు వచ్చింది. భర్త ఉండే ఇంట్లో ఉండకూడదని షరతు పెట్టారు. ఆవిడ కొత్తపేటలో చెల్లెలి ఇంటికి చేరింది. నా దగ్గరకి రావలసిన రోజున అమ్మ పొద్దున్నే కత్తిపీట తీసి మంచం కింద దాచింది.

ముందు వచ్చింది ఆయన. ఎడమచెయ్యి మెడకి వేలాడదీసిన గుడ్డపట్టీలో ఉంది. కుడిచేత్తో ఒక సంచి, సంచిలో రెండు బొండాలు. అరుగు మీద చెప్పులు విడిచి, "నమస్కారమండి, మేడంగారు. మా ఇంటిది వచ్చేసిందాండి?" అన్నాడు.

"ఇంకా రాలేదండి, బాబాయిగారూ. మీరిద్దరూ కలవకూడదేమో కదా?"

"ఇంట్లో ఉండకూడదన్నారండి. చూడకూడదన్లేదు కదండీ" అన్నాడు ఎంతో వినయంగా. నేను లాయరమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఆయన చెప్పింది నిజమే.

ఆవిడ చెల్లెలితో కలిసి ఆటో దిగింది. సన్నగా, పొట్టిగా ఉంది. తల నున్నగా దువ్వుకుని ముడి పెట్టుకుంది. ఆయన వైపు చూసి, ఆ గుడ్డపట్టీ వైపు చూసి, మొహం పక్కకి తిప్పుకుంది. ఆయన మాత్రం గబగబా వెళ్ళి తన కండువాతో కుర్చీ తుడిచాడు.

నా పనిలో మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. మామూలుగా సైకాలజిస్టుకి చెప్పుకున్నది వాళ్ళ మధ్యే ఉంటుంది. కోర్టు కోసం మాట్లాడేటప్పుడు అలా కాదు. మీరు చెప్పినదాంట్లో అవసరమైనది నేను జడ్జిగారికి రాస్తాను, చెప్పడం ఇష్టం లేనిది మీరు చెప్పక్కర్లేదు అని ముందే తెలియజేయాలి. కొత్తదాన్ని కాబట్టి కాగితం మీద రాసుకుని, తల వంచుకుని జాగ్రత్తగా చదివాను. అర్థమైందా అన్నట్టు తలెత్తి చూశాను. ఆవిడ తల ఊపింది.

ఆ తరవాత ఏది అడిగినా జవాబు ఆయనే.

"నిద్ర పడుతోందాండి, పిన్నిగారూ?"

"పడుతుందండి. మా మనిషి మంచిదండి. చీమకి కూడా అపకారం చెయ్యదు."

"ఆరోజు ఏం జరిగింది?"

"ఏం లేదండి, చెయ్యి జారిందండి. బొండం అనుకుని కొట్టేసింది. ఆయ్, అంతేనండి. అలా రాసెయ్యండి, మేడంగారు."

బొండం అనుకుని మొగుడి చెయ్యి కొట్టడం ఎలా కుదురుతుందో ఆయన్నడగడానికి నాకు మనసొప్పలేదు. వెళ్ళేటప్పుడు సంచిలోంచి ఒక బొండం తీసి ఆవిడకి ఇవ్వబోయాడు. ఆవిడ తీసుకోలేదు. ఆయన ఆ రెండూ అమ్మకిచ్చి బస్సుకి వెళ్ళిపోయాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "పాపం, ఎంత మంచాయనే" అంది. నేనూ అదే అనుకుంటున్నాను.

విశాఖలో నాకు పని నేర్పిన మేడంకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడ విని, "నువ్వు ఇంతసేపూ ఆయన గురించే చెప్పావు. ఆవిడ ఎలాంటిది?" అని అడిగింది. నేను రాసుకున్న కాగితాలు తిరగేశాను. అన్నీ ఆయన మాటలే. "వచ్చేసారి ఆయన్ని బయట కూర్చోబెట్టు. మంచివాళ్ళు పక్కన ఉంటే అవతలివాళ్ళ మాట అసలు వినపడదు" అంది.

రెండోసారి ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టాను. అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి కబుర్లలో పెట్టింది. లోపల మేమిద్దరమే. ఆవిడ కొన్నిటికి జవాబు చెప్పింది, కొన్నిటికి గోడ వైపు చూసింది. నేను రాసుకుంటూ అడిగిన ప్రశ్నలన్నీ గాలిలో కలిసిపోయాయి. చూస్తూ అడిగినవాటికి మాత్రం పొడిపొడిగా ఏదో చెప్పింది. చెప్పడం ఇష్టం లేనప్పుడు గోడకేసి చూస్తోందనుకున్నాను.

మూడోసారికి నాకు గట్టిగా జలుబు చేసింది. పెద్దమనిషికి అంటిస్తానేమోనని మాస్క్ కట్టుకుని కూర్చున్నాను. "రండి పిన్నిగారూ, ఎలా ఉన్నారు?" అన్నాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. నేను మళ్ళీ పలకరించాను. ఆవిడ మొహం బిగుసుకుపోయింది.

"మీరు కూడానా?" అంది. అంత పెద్ద గొంతు ఆవిడ దగ్గర ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. "మూతి కప్పుకుని మీరూ నా గురించే అనుకుంటున్నారా? తియ్యండి అది. తీసి చెప్పండి!"

బయటనుంచి ఆయన పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనకాల అమ్మ. నేను వాళ్ళని అక్కడే ఆగమని చెయ్యి చూపించి, మాస్క్ తీసేసి, ఆవిడ కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా అన్నాను.

"నేను ఏమీ అనుకోలేదండి. ఎలా ఉన్నారని అడిగాను."

ఆవిడ నా పెదవుల వైపు చూస్తోంది. కళ్ళ వైపు కాదు. అప్పుడు నాకు తట్టింది. టేబులు మీద ఉన్న పుస్తకం తీసి నోటికి అడ్డం పెట్టుకుని, "మీ చెల్లెలి పేరేంటండి?" అని అడిగాను. జవాబు లేదు. పుస్తకం దించి అదే మాట అడిగాను. చెప్పింది. చెప్పిన వెంటనే ఆవిడకీ అర్థమైంది నేనేం చేశానో. దొంగతనం పట్టుబడినట్టు తల దించుకుంది.

"ఎప్పటినుంచండి?" అన్నాను, ఆవిడ తలెత్తేదాకా ఆగి.

"చాన్నాళ్ళయిందండి. కొద్దికొద్దిగా పోయింది. చెవిటిదంటారని చెప్పలేదండి."

గుమ్మంలో నిలబడ్డ ఆయన అలాగే గోడకి జారగిలబడి కింద కూర్చున్నాడు. "అలిగిందనుకున్నానండి" అన్నాడు. "పిలిస్తే పలకదు. ఏదన్నా అడిగితే లేచెళ్ళిపోద్ది. కువైట్ నుంచి మా పిల్ల ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడమని నాకిచ్చేస్తాది. ఎందుకో అలిగిందనుకున్నానండి. ఇన్నాళ్ళూ." ఏడుపు ఆపుకోవడానికి బాగున్న చేతిని నోటికడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ వెంటనే, "చెయ్యి తియ్యి మావా, ఏమంటున్నావో తెలీదు నాకు" అంది. నా గదిలో ఆవిడ ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది.

ఆరోజు నేను ఇంకేమీ అడగలేదు. మొదటిరోజు తల వంచుకుని చదివిన మాటలన్నీ ఆవిడకి ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కటే మళ్ళీ చెప్పాను. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉండిపోదు, జడ్జిగారి దగ్గరకి వెళుతుంది అన్నాను. ఆవిడ నా పెదవుల మీద చివరి మాట దాకా చదువుకుంది.

"మొదటిరోజు చదివింది ఇదేనాండి?"

"ఇదేనండి."

"నేనేదో ప్రార్థన చదువుతున్నారనుకున్నాను. మీరు కిరస్తానీలు కదండీ, ముందు ప్రార్థన చేసుకుంటారేమోనని తలూపేను."

గుమ్మం పక్కన అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. తరవాత గుర్తొచ్చి కొంగు తీసేసి నవ్వింది.

ఆ తరవాతి వారం ఆవిడ తనంతట తానే చెప్పింది. వినికిడి తగ్గుతున్నా బేరాలకి ఇబ్బంది లేకపోయిందట. బొండం కావాలా, నీళ్ళ కాయా, లేత కాయా అని అడిగే మూతి ఎలా కదులుతుందో తెలుసు. కరోనా వచ్చి అందరూ మూతులు కట్టుకునేసరికి ఉన్నట్టుండి లోకం మూగబోయింది. అందరి కళ్ళూ తన వైపే చూసి ఏదో అనుకుంటున్నట్టు ఉండేదట. మాస్కులు పోయాయి గానీ ఆ తలపు పోలేదు.

"మావ ఫోనొచ్చినప్పుడల్లా గోడకేసి తిరిగి నవ్వుకుంటూ మాట్లాడేవాడండి. పిల్ల అనేవాడు. పిల్లో ఇంకెవత్తో నాకేం తెలుసు? తరవాత పూలు తేవడం మొదలెట్టేడు. జాంగ్రీలు తెచ్చేవాడు. పెళ్ళయినప్పట్నించీ లేనిది ఇప్పుడెందుకు తెస్తాడండి? అన్నంలో ఏదో కలుపుతున్నాడనుకున్నాను. నాది నేను వేరే వండుకునేదాన్ని."

అలక తీర్చడానికి ఆయన తెచ్చిన పూలు ఆవిడ అనుమానాన్ని పెంచుతూ పోయాయి. నేను రాయడం ఆపేశాను.

"ఆరోజు పొద్దున్న బొండాల వేన్ వచ్చిందండి. డ్రైవరు నాకేసి చూసి, వంగి మావ చెవిలో ఏదో చెప్పేడు. ఇద్దరూ నవ్వేరు. ఇవాళే నన్ను ఏదో చేసేస్తారనుకున్నాను. కత్తి చేతిలోనే ఉందండి."

"అప్పుడు మీకు ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసాండి?"

"మావని తెలుసండి. కత్తి తగిల్తే ఏమవుద్దో కూడా తెలుసు. వాళ్ళు చేసేలోపు నేనే చెయ్యాలనుకున్నాను." ఆవిడ తన అరచేతులు చూసుకుంది. "రక్తం చూసేక మాత్రం అబ్బా, నా మావ అనిపించిందండి."

డ్రైవరు ఏమన్నాడో ఆయన్ని విడిగా అడిగాను. వేన్ ఇంజను ఆపలేదు కాబట్టి చెవిలో చెప్పాడట. "ఈసారి కాయ చిన్నదొచ్చింది, మీ ఆవిడ చూస్తే నన్ను బతకనివ్వదు అన్నాడండి. దానికే నవ్వేమండి" అన్నాడాయన.

వినికిడి తగ్గిన పెద్దవాళ్ళలో ఇలాంటి అనుమానాలు వేళ్ళూనుకోవడం మా చదువులో తెలిసిన సంగతే. పుస్తకంలో చదివాను. కానీ ఒక మనిషి నా పెదవుల వైపు చూస్తూ కూర్చునేదాకా అది నాకు గుర్తురాలేదు. కాకినాడలో ఒక సైకియాట్రిస్టుకి చూపించి మందులు మొదలుపెట్టించాము. చెవుల డాక్టరు పరీక్ష చేసి వినికిడి మిషను పెట్టించమన్నాడు. కువైట్ లో ఇళ్ళల్లో పనిచేసే కూతురు, ఆవిడ చెల్లెలి ఫోన్ కి వీడియో కాల్ చేస్తే ఆ చిన్న తెర మీద కూతురి మూతి చూసి తల్లి మాట్లాడింది. ఆ కాల్ సంగతి చెల్లెలు నాతో చెబుతూ, "ఇద్దరూ మాట్లాడుకుంది తక్కువ, తిట్టుకుంది ఎక్కువండి. ఎన్నాళ్ళదో బాకీ తీర్చుకున్నారు" అంది.

ఇక రిపోర్టు రాయాలి. అక్కడ చిక్కు వచ్చింది.

లాయరమ్మ, "తనేం చేస్తోందో తనకి తెలియని స్థితిలో చేసింది అని మీరు రాస్తే కేసు తేలిపోతుంది" అంది. ఆయనేమో చెయ్యి జారిందని రాయమంటున్నాడు. ఇద్దరూ ఆవిడ మంచికే అడుగుతున్నారు. నేను కూడా ఆవిడ మంచే కోరుకుంటున్నాను. కానీ ఆవిడ నాతో, జడ్జిగారికి వెళుతుందని తెలిసి మరీ, మావని తెలుసు, కత్తని తెలుసు అంది.

ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను. "బాబాయిగారూ, చెయ్యి జారిందని రాస్తే కేసు పోతుందేమో గానీ జబ్బు మిగిలిపోతుంది. రేపు మందు మానేస్తే మళ్ళీ అదే అనుమానం వస్తుంది. అప్పుడు మీకు జాగ్రత్త చెప్పేవాళ్ళెవరూ ఉండరు."

"నాకేం పర్లేదండి."

"ఆవిడకి పర్లేదాండి? రక్తం చూసి ఆవిడ ఏమైపోయిందో మీకు తెలుసు కదా."

ఆయన కండువా కొన నలుపుకున్నాడు. "ఆయ్. అయితే ఉన్నదే రాయండి" అన్నాడు.

ఉన్నదే రాశాను. ఏం జబ్బు, ఎలా పెరిగింది, ఆ పొద్దున్న ఆవిడకి ఏం తెలుసు, ఏది నిజమనుకుంది అన్నీ రాశాను. మందులు మానినా, మిషను తీసేసినా, ఆవిడ ముందు చాటుగా మాట్లాడినా ప్రమాదం పెరుగుతుందని రాశాను. బొండాలు కొట్టే పని ఇకనుంచి ఆయనదే కావాలని, చెల్లెలు వారానికోసారి వెళ్ళి చూసి రావాలని, ఇద్దరూ నా దగ్గరకి వస్తూ ఉండాలని కూడా రాశాను.

కోర్టులో సాక్ష్యం చెప్పడం నాకు అదే మొదలు. ప్రభుత్వం తరఫు లాయరుగారు రిపోర్టు తిరగేసి, "ఈవిడ మళ్ళీ ఇలాంటి పని చేయదని మీరు హామీ ఇస్తారా?" అని అడిగారు.

"ఇవ్వలేనండి. ఏం చేస్తే ఆ అవకాశం తగ్గుతుందో చెప్పగలను."

చెవికి కొత్త మిషను పెట్టుకుని ఆవిడ వెనక బెంచీ మీద కూర్చుంది. ఆ మాట ఆవిడకి వినపడిందని నాకు తెలుసు. బయటికి వచ్చాక చెట్టు కింద నా దగ్గరకి వచ్చి నిలబడింది.

"నా మీద హామీ ఇవ్వలేనన్నారు మీరు."

"అన్నానండి."

"నిజమే చెప్పేరు లెండి. నా మీద నాకే లేదు." కొంగు సర్దుకుని, "కానీ ఇవ్వగలనని చెప్పుంటే నాకు బావుండేది" అంది. నాకూ బాగుండేది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు.

తీర్పు వచ్చేసరికి వానాకాలం వచ్చింది. హత్యాయత్నం నిలబడలేదు. ఆయుధంతో గాయపరిచినట్టు మాత్రం తేల్చి, ఆవిడ వయసూ జబ్బూ చూసి జైలు శిక్ష వేయకుండా, మంచి నడవడితో ఉంటానని బాండు రాయించుకుని పర్యవేక్షణలో ఇంటికి పంపారు. ఇంట్లో ఉండకూడదన్న షరతు పోయింది. ఆయన ఆవిడని తీసుకెళ్ళడానికి ఆటో మాట్లాడుకుని వచ్చాడు. ఆటోలో కూర్చుని ఆవిడ వైపు పూర్తిగా తిరిగి, మొహం మొహంలో పెట్టి, గట్టిగట్టిగా ఏదో చెబుతున్నాడు. "మిషనుంది కదా, అరవకు మావా" అని ఆవిడ కసరడం రోడ్డు దాకా వినిపించింది.

కథ అక్కడితో సుఖాంతమైపోలేదు. మిషను పెట్టుకుంటే లోకమంతా గోలగా ఉందని ఆవిడ తీసి డబ్బాలో దాచేది. ఆయన గురక మొదటిసారి విని, "ఈ గురక వినకుండా ఇన్నాళ్ళూ హాయిగా బతికేనండి" అని నాతో ఫిర్యాదు చేసింది. ఒకసారి మందులు మానేసింది. కళ్ళు మళ్ళీ అటూఇటూ వెతకడం చెల్లెలు కనిపెట్టి చెబితే కాకినాడ తీసుకెళ్ళాము. బొండాలు కొట్టడం ఆయనకి ఇప్పటికీ సరిగ్గా రాదు. సగం నీళ్ళు నేలపాలు. ఆవిడ పక్కన కూర్చుని స్ట్రాలు అందిస్తూ విసుక్కుంటూ ఉంటుంది. అటు వెళ్ళినప్పుడు ఆగి చూసి వస్తుంటాను. ఇద్దరూ పోట్లాడుకుంటూ ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఒకరి మాట ఒకరికి అందుతోందన్నమాట.

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం ముసురు పట్టి ఉండగా ఆవిడ ఒక్కతే బస్సు దిగి వచ్చింది. ఆవిడ నా దగ్గరకి రావలసిన రోజు కాదు. గొడుగు అరుగు మీద ఆరబెట్టి, చెవి మిషను సరిచూసుకుని లోపలికొచ్చి కూర్చుంది.

"ఈవేళ మళ్ళీ అనుమానమొచ్చిందండి."

"ఏమైంది?"

"మావ ఎవరో కుర్రాడితో మాట్లాడి నవ్వేడు. నాకు వినపళ్ళేదు. ఎందుకు నవ్వేవని అడిగేను. చెప్పేడు. నమ్మకం కలగలేదు. మేడంగారి దగ్గరకెళ్ళొస్తానని చెప్పి బస్సెక్కేసేను."

"ఆయనేమన్నారు?"

"గొడుగు తీసుకెళ్ళమన్నాడండి."

మేమిద్దరం చాలాసేపు కూర్చున్నాము. ఆయన చెప్పిన జవాబు ఏమిటో, అందులో ఏది నమ్మబుద్ధి కాలేదో, ఎందుకో మాట్లాడుకున్నాము. పూర్తిగా పోయిందని ఆవిడ అనలేదు, నేనూ పోగొట్టాననుకోలేదు. తగ్గిందా అంటే కొంచెం అంది. లోపలినుంచి అమ్మ, "వదినగారూ, భోంచేసి వెళ్దురుగాని. తోటకూర పప్పు చేసేను" అని మామూలు గొంతుతోనే పిలిచింది. ఆవిడ నా వైపు చూడకుండానే తల తిప్పి, "వస్తున్నానండి" అని లేచి వంటింటి వైపు నడిచింది.